కొత్త పిస్టన్ వేసినా మళ్లీ పట్టేస్తోంది: చెట్లు కోసే మిషన్‌లో క్రాంకు బేరింగు పోయిందని ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: అంతర్వేది వైపు సరుగుడు రైతు

సభ్యులందరికీ నమస్కారం. అంతర్వేది దగ్గర మాకు కొంత సరుగుడు తోట, కొంత కొబ్బరి ఉన్నాయి. సరుగుడు కోతకూ, పడిపోయిన కొబ్బరి మొద్దులను ముక్కలు చేయడానికీ నాలుగేళ్ల కిందట 58 సీసీ పెట్రోలు మిషన్ ఒకటి కొన్నాను. 1996 నవంబరు తుఫానుకు మా కొబ్బరి చెట్లు నేలకొరిగినప్పుడు మా నాన్నగారు ఇద్దరు మనుషులు చెరొక పక్కా పట్టి లాగే రంపంతో నెలల తరబడి ఆ మొద్దులు కోయించారు. ఆ కష్టం కళ్లారా చూసినవాణ్ని కాబట్టి ఈ మిషన్ మీద నాకు మమకారం ఎక్కువ, దీన్ని అంత తేలిగ్గా వదులుకోలేను.

మొన్న సంక్రాంతి వెళ్లాక కోత మొదలుపెట్టిన రెండో వారంలోనే పిస్టన్ బోరులో (సిలిండరులో) బిగుసుకుని పట్టేసింది. పట్టణంలో ఒక మెకానిక్ బోరు, పిస్టన్, రింగులు కొత్తవి వేసి ఇచ్చారు. పది పదిహేను గంటలు బాగానే నడిచింది. ఆ తర్వాత ట్రిగ్గరు వదిలినా రేసు దిగకుండా చైను తిరుగుతూనే ఉండటం మొదలైంది. కార్బొరేటర్ స్క్రూ తిప్పి దించితే ఒక పూట బాగుండేది, మర్నాటికి మళ్లీ అదే తీరు. దానితోపాటు లోపల సన్నని గరగర వినిపించేది, వేడెక్కాక అది ఇంకా పెద్దదయ్యేది. స్టార్టర్ తాడు లాగుతుంటే ఒక్కోసారి మధ్యలో ఎవరో పట్టి ఆపినట్టు బిగుసుకునేది. పోయిన వారం పెద్ద మొద్దు సగం కోతలో ఉండగా మళ్లీ పట్టేసింది. చల్లారాక తాడు లాగితే తిరుగుతోంది గానీ, సైలెన్సర్ విప్పి చూస్తే కొత్త పిస్టన్ మీద నిలువునా గీతలు పడి ఉన్నాయి.

నేను ఆయిల్ తక్కువ కలిపానని మెకానిక్ అంటున్నారు. నేను లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్‌ను మందుల సీసా మూతతో కొలిచి మరీ కలుపుతాను. మరొకరు ఇది క్రాంకు బేరింగు జబ్బని, దానికి వైద్యం లేదని, పాతసామాన్ల వాడికి ఇచ్చేయమని చెప్పారు. విప్పకముందే ఏది నిజమో తేల్చుకునే దారి ఉందా? బేరింగే అయితే దీన్ని బాగుచేయించడం దండగేనా? తెలిసినవారు ఓపికగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: భీమవరంలో స్ప్రేయర్లు, కోత మిషన్లు బాగుచేసే మెకానిక్

రైతుగారికి నమస్కారం. మీరు రాసిన లక్షణాలు విడివిడిగా చూస్తే వేర్వేరు జబ్బుల్లా ఉన్నా, కలిపి చదివితే ఒకే చోటికి దారి తీస్తున్నాయి. పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసును, అంటే క్రాంకు షాఫ్టును, రెండు పక్కలా రెండు బాల్ బేరింగులు మోస్తాయి. ఒక్కొక్క బేరింగుకు బయటి వైపున ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. బేరింగు అరిగి షాఫ్టు ఆడటం మొదలైతే సీల్ పెదవికి పట్టు తప్పి, ఆ సందులోంచి క్రాంకు తిరిగే చాంబర్‌లోకి బయటి గాలి చొరబడుతుంది. గాలి పెరిగేసరికి పెట్రోలు వాటా తగ్గుతుంది, రేసు దానంతటదే పెరుగుతుంది, పెట్రోలుతో కలిసి రావలసిన ఆయిల్ కూడా తగ్గిపోతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. మీరు లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపినా సీల్ దగ్గర గాలి లాగుతున్న ఇంజన్‌లో పిస్టన్‌కు అందవలసినంత అందదు. కాబట్టి మీ కొలతను అనుమానించే ముందు చాంబర్‌ను అనుమానించాలి. కార్బొరేటర్ స్క్రూ తిప్పినప్పుడు ఒక పూట బాగుండి మళ్లీ రేసు ఎక్కడం కూడా గాలి లీకుకు గట్టి గుర్తే.

దయచేసి ఇక ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకండి. చెవిని నమ్మి తీర్పు చెప్పడం కూడా మంచిది కాదు, ఎందుకంటే క్లచ్ డ్రమ్ములో ఉండే చిన్న నీడిల్ బేరింగు పోయినా, చైను తిరిగే బార్ కొసన ఉండే పళ్ల చక్రం అరిగినా దాదాపు ఇలాంటి గరగరే వస్తుంది. బార్, చైను, క్లచ్ డ్రమ్ము తీసేసి, ప్లగ్గు, సైలెన్సర్, స్టార్టర్ కవరు కూడా విప్పండి. ఇప్పుడు స్టార్టర్ కవరు వెనక ఉండే అయస్కాంతపు చక్రాన్ని, అంటే మాగ్నెట్‌ను, చేత్తో మెల్లగా తిప్పండి. కంప్రెషన్ అడ్డు లేదు కాబట్టి మంచి బేరింగు అయితే నూనెలో వేలు తిరిగినట్టు తిరుగుతుంది. ఇసుక నలిగినట్టు వేలికి తెలిసినా, ఒకే చోట ప్రతిసారీ తట్టుకున్నా బేరింగు చెడినట్టే.

తర్వాత మాగ్నెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి, ఆపైన క్లచ్ వైపు షాఫ్టు కొసను కూడా అలాగే కదపండి. షాఫ్టు పొడవునా లోపలికీ బయటికీ కొంచెం జరగడం చాలా మిషన్లలో సహజమే కాబట్టి దానికి కంగారు పడవద్దు. పైకీ కిందికీ మాత్రం చేతికి తెలిసే ఆట ఉండకూడదు. మంచి బేరింగులో ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, అది చేతికి అందే కొలత కాదు. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌కూ మాగ్నెట్‌కూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, ఒక విజిటింగ్ కార్డు జారేంత. మాగ్నెట్ అంచు మీద ఒక పక్క కొత్తగా మెరిసే రాపిడి గీత ఉంటే షాఫ్టు ఊగి కాయిల్‌ను తాకుతోందన్నమాట.

ఇక గాలి లీకు పరీక్ష. కంపెనీ పంపు లేకపోయినా దిగులు లేదు. సైకిలు ట్యూబు ముక్కలను సైలెన్సర్ ముఖానికీ కార్బొరేటర్ ముఖానికీ పెట్టి బోల్టులతో బిగించి, పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలో అడాప్టర్ పెట్టి, పాత బీపీ మిషన్ బల్బుతో గాలి కొట్టండి. ముల్లు 250 దగ్గర ఒక నిమిషంపాటు నిలబడితే సీళ్లు బాగున్నట్టు. దిగిపోతుంటే రెండు వైపులా సబ్బునీళ్లు రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడండి. కొన్ని సీళ్లు ఇలా గాలి నింపినప్పుడు నిలిచి, లోపలికి లాగినప్పుడు మాత్రమే వదిలేస్తాయి కాబట్టి ముల్లు నిలిచినంత మాత్రాన పూర్తిగా నిర్దోషి అనలేము. ముల్లు దిగిందంటే మాత్రం సందేహం అక్కరలేదు.

రైతుగారు (నాలుగు రోజుల తర్వాత)

మెకానిక్ గారికి ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ మా అబ్బాయితో కలిసి అరుగు మీద కూర్చుని వరసగా చేశాను. మాగ్నెట్ వైపు ఆట తెలియలేదు. క్లచ్ వైపు షాఫ్టు కొసను బొటనవేలితో పైకి నొక్కినప్పుడు టక్కున చిన్న చప్పుడుతో కదిలింది. అది విన్నాక మా అబ్బాయి కూడా రెండుమూడు సార్లు నొక్కి చూశాడు, ప్రతిసారీ అదే చప్పుడు. మా ఊరి డాక్టరుగారు మూలన పడేసిన బీపీ మిషన్ తెచ్చి గాలి కొడితే ముల్లు పది సెకన్లలోనే సున్నాకు దిగింది. క్లచ్ వైపు సీల్ చుట్టూ సబ్బు బుడగలు పొంగాయి, రెండో వైపు ఒక్కటీ లేదు.

బోరు విప్పి, చాంబర్‌ను తెల్లని పంచె గుడ్డ మీద బోర్లించాను. నల్లని ఆయిల్‌తోపాటు ఆవాల పొట్టులాంటి గోధుమరంగు పలుకులు ఏడెనిమిది రాలాయి. గోటితో నొక్కితే విరిగిపోతున్నాయి. గుడ్డను ఎండలో పెట్టి చూస్తే సన్నని ఇనుప రజను మిలమిలలాడింది. బేరింగు పోయిందని నాకే అర్థమైంది. మా దగ్గర లేతు పనివారు ఒక్క క్లచ్ వైపు బేరింగు మారిస్తే చాలని, పాతదాన్ని సుత్తితో కొట్టి దింపేస్తామని అంటున్నారు. అలా చేయించవచ్చా?

జవాబు: తణుకులో లేతు, ఇంజన్ పనుల వర్క్‌షాపు నడిపేవారు

అయ్యా, సుత్తి మాట వినగానే ఈ జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఈ మిషన్ల క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు చక్రాల మధ్య పిన్ను ప్రెస్సులో దిగ్గొట్టి తయారుచేసినది. షాఫ్టు కొస మీద ఒక్క గట్టి దెబ్బ పడితే ఆ రెండు చక్రాలూ వెంట్రుకవాసి పక్కకు తిరుగుతాయి, ఆ తర్వాత మీరు ఎంత మంచి బేరింగు వేసినా షాఫ్టు ఊగుతూనే ఉంటుంది. నిమిషానికి 10,000 చుట్లు దాటి తిరిగే షాఫ్టుకు ఆ ఊపు ఎంతమాత్రం సరిపడదు. చాంబర్ కూడా మెగ్నీషియంతో పోత పోసినది, దెబ్బకు చిట్లుతుంది.

ముందుగా క్లచ్ ఊడదీయాలి. దాని మర ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే వదులవుతుంది. ఈ సంగతి తెలియక ఎదురు దిశలో బలంకొద్దీ తిప్పి షాఫ్టు మర పాడుచేసుకున్నవారు చాలామంది నా దగ్గరికి వచ్చారు. మీరు బోరు ఇప్పటికే విప్పారు కాబట్టి దాన్ని తాత్కాలికంగా మళ్లీ బిగించండి. పిస్టన్ పైకి వస్తూ సైలెన్సర్ రంధ్రాన్ని మూసేశాక ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని తాడు కూరండి. అప్పుడు షాఫ్టు తిరగకుండా నిలుస్తుంది, పిస్టన్ నెత్తి మీద ఇనుము గీసుకోదు. రంధ్రం మూయకముందే తాడు కూరితే అది రంధ్రంలో ఇరుక్కుని తెగుతుంది. మాగ్నెట్ నట్టు మామూలు మరే. నట్టు తీశాక పుల్లర్‌తోనే లాగాలి.

చాంబర్ బోల్టులు విప్పాక రెండు సగాలూ తేలికగా విడిపోవు. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే జాయింటు ముఖం గాటు పడి జీవితాంతం లీకు ఇస్తుంది. వేడితోనే విడదీయాలి. పెట్రోలు, చైను ఆయిల్ పూర్తిగా వంచేసి, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసి, ఆరుబయట హీట్‌గన్‌తో బేరింగు గూడు చుట్టూ సమంగా వేడి చేయండి. వెల్డింగు మంట పెట్టడం ప్రమాదం, ముఖ్యంగా మెగ్నీషియం రజను అంటుకుంటే నీళ్లతో ఆరదు. గూడు 120 డిగ్రీలు దాటాలి. ఉష్ణమాపకం లేకపోతే వేలితో ఒక నీటిబొట్టు చిలకరించండి, అట్ల పెనం మీద బొట్టులా చిటపటమని ఎగిరిపోతే వేడి చాలినట్టు. ఆ వేడిలో మొద్దు మీద గూడును బోర్లించి కర్రతో ఒకసారి తడితే పాత బేరింగు దానంతటదే జారిపడుతుంది.

కొత్తది వేసేటప్పుడు బేరింగును ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, గూడును మళ్లీ అంతే వేడి చేస్తే వేలితో వేసినా అడుగంటా దిగుతుంది. ఒకవేళ తొయ్యవలసి వస్తే గూడులోకి దింపేటప్పుడు బయటి రింగు మీదే, షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే బలం పెట్టాలి. తిరగేసి చేస్తే ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి కొత్త బేరింగు ఆ క్షణమే గాట్లు పడుతుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు. క్రాంకును కూడా పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. చివర కొద్దిపాటి దూరం మిగిలితే షాఫ్టు మరకు పైపు ముక్క, నట్టు పెట్టి లాగించండి, కొట్టకండి.

ఒక్క వైపు మార్చే ఆలోచన మానుకోండి. క్లచ్ వైపు ముక్కలు చాంబర్ అంతా తిరిగాయి కాబట్టి రెండో బేరింగు కూడా ఆ రజను తిన్నట్టే. రెండు బేరింగులూ, రెండు సీళ్లూ, ప్యాకింగూ కొత్తవే పడాలి. క్రాంకు చేతికి వచ్చాక కనెక్టింగ్ రాడ్‌ను నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు జరగడం సహజం, నిలువు ఆట మాత్రం ఏమాత్రం ఉండరాదు. అది ఉన్నా, రాడ్ కింది భాగం నీలంరంగు తిరిగినా క్రాంకు మొత్తం మార్చాలి. పాత బేరింగు బయటి రింగు అద్దంలా మెరుస్తుంటే అది గూడులోనే తిరిగిందని అర్థం. అప్పుడు గూడు వదులైందేమో కొలిపించాలి, వదులైతే చాంబర్ సగం కొత్తది కొనడమే నయం. మీ మిషన్‌లో ఇవేవీ లేకపోతే బాగుచేయించడం ఎంతమాత్రం దండగ కాదు.

ఒక చిన్న మాట. కొన్ని చిన్న మిషన్లలో చాంబర్ నిలువుగా రెండు సగాలుగా ఉండదు. బోరు కిందిభాగమూ, అడుగు పళ్లెమూ కలిసి బేరింగును పట్టుకుంటాయి. వాటికి ఈ వేడి బాధ లేదు, నాలుగు బోల్టులు విప్పితే క్రాంకు చేతికి వస్తుంది. అక్కడ పెట్రోలుకు తట్టుకునే సీలెంటు సరిగా పూయడమే అసలు పని.

జవాబు: పాలకొల్లు బేరింగుల షాపు

రైతుగారూ, పాత బేరింగు పక్కన చెక్కిన నెంబరు చూసి కొనండి. ఈ సైజు మిషన్లలో చాలావాటికి 6202 పడుతుంది, అంటే లోపలి రంధ్రం 15, బయట 35, మందం 11 మిల్లీమీటర్లు. మన ప్రాంతంలో చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్ల పుణ్యమా అని బేరింగులకు కరువు లేదు గానీ, షాపులో అడిగిన వెంటనే చేతికిచ్చేది మోటారుకు వేసే రకం. దానికి రెండు పక్కలా మూతలు, లోపల గ్రీజు ఉంటాయి. మీకు కావలసింది మూతలు లేని రకం, ఎందుకంటే మీ ఇంజన్‌లో బేరింగుకు తిండి పెట్రోలులో కలిసి వచ్చే ఆయిలే. మూతలున్నది వేస్తే ఆ ఆయిల్ గుండ్లకు చేరదు, లోపలి గ్రీజు పెట్రోలుకు కరిగిపోతుంది.

నెంబరు తర్వాత సీ3 అని ఉందో లేదో కూడా చూడండి. బిగువుగా దిగి, ఆపైన వేడెక్కే చోట బేరింగు లోపలి సందు తగ్గిపోతుంది కాబట్టి ముందే కొంచెం ఎక్కువ సందుతో చేసిన రకం అది. గుండ్లను పట్టి ఉంచే పంజరం మీ పాతదానిలో ప్లాస్టిక్‌ది అయి ఉండాలి. మీ గుడ్డ మీద రాలిన గోధుమరంగు పలుకులు వేడికి పెళుసెక్కిన ఆ పంజరం ముక్కలే. ఈసారి ఇనుప పంజరం ఉన్నది అడగండి. చవకగా వస్తోందని అట్టపెట్టె మీద అచ్చు అలుక్కుపోయిన నకిలీ సరుకు తీసుకోవద్దు. ఈ మొత్తం పనిలో బేరింగుల ఖర్చు చిన్నది, విప్పి బిగించే శ్రమే పెద్దది.

జవాబు: భీమవరం మెకానిక్

తణుకు వారూ, పాలకొల్లు వారూ చెప్పినదానికి నేను కలిపేది ఒక్కటే. పాత బేరింగును పారేయకుండా పెట్రోలుతో కడిగి, విడదీసి, గుండ్లు తిరిగే దారిని భూతద్దంతో చూడండి. ఆ దారి నీలంగానో ముదురు గోధుమగానో ఉంటే ఆయిల్ అందక కాలింది. బూడిదరంగు తిరిగి మసకగా అరిగితే ఎయిర్ ఫిల్టరు దాటి ఇసుక పోయింది, మీ సముద్రపు ఒడ్డు తోటల్లో అది మామూలే. క్లచ్ వైపుది మాత్రమే ఒక పక్కకు అరిగితే చైను మరీ బిగువుగా కట్టి ఉంటారు, లేదా కొబ్బరి మొద్దుకు త్వరగా మొద్దుబారే చైనును ఆకురాయి పెట్టకుండా బలంతో నొక్కి కోసి ఉంటారు.

గుండ్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా వరుసగా తుప్పు చుక్కలు కనిపిస్తే మాత్రం మిషన్ నిలవ ఉన్న రోజుల్లో నీరు చేరిందని అర్థం. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది మన డెల్టా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక మోతాదు దాటితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులోని గొట్టం కొస ఫిల్టరు అడుగునే ఉంటుంది కాబట్టి ఇంజన్ ముందు తాగేది ఆయిల్ లేని ఆ నీటి పొరను. ఇంతకీ మీ మిషన్ వానాకాలంలో ఎలా ఉంచుతున్నారు?

రైతుగారు (మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి మన్నించండి. పని పూర్తయింది. తణుకు వారి వర్క్‌షాపుకే తీసుకెళ్లి, దగ్గర నిలబడి చేయించుకున్నాను. రాడ్‌కు నిలువు ఆట లేదు, డయల్ గేజీ పెట్టి చూస్తే షాఫ్టు కూడా నిటారుగానే ఉందన్నారు. గూడు బిగువుగానే ఉంది. రెండు బేరింగులూ, రెండు సీళ్లూ, ప్యాకింగూ, మళ్లీ ఒక పిస్టన్, రింగులూ పడ్డాయి. బోరు మీద అంటిన అల్యూమినియం మరకలను శుభ్రం చేస్తే పాతదే పనికొచ్చింది. బిగించాక అదే బీపీ మిషన్‌తో గాలి కొట్టి చూశాం, ముల్లు 250 మీద ఒక నిమిషం దాటినా కదలలేదు.

మెకానిక్ గారు అడిగినదానికి జవాబు చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది గానీ, దాచడం న్యాయం కాదు. విడదీసిన క్లచ్ వైపు బేరింగులో గుండ్లు తిరిగే దారి మీద సమానదూరంలో వరుసగా తుప్పు గుంటలు ఉన్నాయి. ఒక్కొక్కటీ గసగస గింజంత ఉంది. జూన్ నుంచి సంక్రాంతి దాకా మిషన్‌ను కొబ్బరి డొక్కలు పోసే పాకలో, ట్యాంకులో సగం పెట్రోలు ఉండగానే, క్లచ్ వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి ఉంచుతున్నాను. నీరు ఆ వైపుకే దిగి నిలిచిందన్నమాట. ఆ మూలన పెట్టినప్పుడల్లా గోనెసంచి కూడా కప్పేవాణ్ని, అది తేమను ఇంకా పట్టి ఉంచి ఉంటుంది.

ఇప్పటికి సరుగుడు మీద ఆరు ట్యాంకులు నడిచింది. ట్రిగ్గరు వదిలితే చైను వెంటనే నిలుస్తోంది. పని అయ్యాక ట్యాంకు వంచేసి, మిగిలిన తడి కాలిపోయేదాకా ఇంజన్‌ను ఆడనిచ్చి, ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల టూటీ ఆయిల్ వేసి, తాడు నాలుగైదు సార్లు మెల్లగా లాగి, నిటారుగా ఇంటి లోపల అటక మీద పెడుతున్నాను. ఒకటి మాత్రం ఇంకా అడగాలి: కలిపిన పెట్రోలు క్యానులో మిగిలితే ఎన్ని రోజుల వరకు వాడవచ్చు?

జవాబు: భీమవరం మెకానిక్

మూత గట్టిగా బిగించి నీడలో ఉంచితే నెలరోజులు వాడవచ్చు. వానాకాలంలో నేనైతే పదిహేను రోజులకు మించి ఉంచను. వాడే ముందు కొంచెం గాజు సీసాలో పోసి వెలుతురులో చూడండి. అడుగున వేరే పొర గీతగా కనిపిస్తే ఆ పెట్రోలును మిషన్‌లో పోయవద్దు.